ఆ తల్లి మాట వినవలసింది

వృత్తి నుంచి విశ్రాంతి తీసుకున్న తరువాత ఎందరో రోగుల ముఖాలు నా జ్ఞాపకంలో మసకబారాయి. ఒక తల్లి ముఖం మాత్రం నేటికీ స్పష్టంగానే ఉంది. ఆమెను గురించి వ్రాయాలని చాలాసార్లు అనుకున్నాను. అందులో నా పొరపాటు ఉన్నది కనుక వాయిదా వేస్తూ వచ్చాను. ఆటిజంతోపాటు మూర్ఛవ్యాధి కూడా ఉన్న పిల్లల తల్లిదండ్రులు వైద్యశాలల్లో పడే అవస్థను గూర్చి నా అభిప్రాయం చెప్పాలంటే, అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

ఆమె తెల్లవారుజామున మొదటి బస్సు ఎక్కి, ఏడేళ్ళ కొడుకును వెంటబెట్టుకొని మా ఆస్పత్రికి వచ్చింది. ఓపీ చీటీ తీసుకునేసరికి ఆమెకు వచ్చిన సంఖ్య అరవై మూడు. హాలు నిండా జనం. పైన ఫ్యాన్ల చప్పుడు, గోడమీద టీవీ, పసిపిల్లల ఏడుపులు, ఫినాయిలు వాసన, పేర్లు పిలిచే కాంపౌండరు కేకలు. అందులో ఆ తల్లీకొడుకులు మూడు గంటలు కూర్చున్నారు. బాలుడికి రెండేళ్ళ క్రితమే ఆటిజమని నిర్ధారణ అయింది. అతడికి పది పన్నెండు మాటలు మాత్రమే వచ్చు. నా గదిలోకి అడుగుపెట్టేసరికే చెవులు మూసుకొని అరుస్తున్నాడు. బల్లమీది కాగితాలు విసిరేశాడు. స్టెతస్కోపు ఛాతీమీద పెట్టబోతే నా చేతిని కొరికాడు.

ఆ గందరగోళంలోనే తల్లి ఒక విషయం చెప్పింది.

“డాక్టరుగారూ, వీడు ఆడుకుంటూ ఆడుకుంటూ ఉన్నట్టుండి ఆగిపోతున్నాడండీ. పిలిచినా పలకడు, పట్టుకొని కుదిపినా చూడడు. నోరు చప్పరిస్తాడు. ఒక నిమిషం పోయాక వాలిపోయి నిద్రపోతాడు. ఇదివరకు ఇలా లేదండీ.”

“ఈ పిల్లలు అలాగే ఉంటారమ్మా, వాళ్ళ లోకంలో వాళ్ళుంటారు” అన్నాను. నిద్రకు ఒక మందు వ్రాసి తరువాతి చీటీ పిలిపించాను. అంతా కలిపి నాలుగు నిమిషాలు కూడా కాలేదు.

ఎనిమిది నెలల తరువాత అదే బాలుడిని ఒక అర్ధరాత్రి ఆటోలో తీసుకువచ్చారు. ఒళ్ళంతా కొట్టుకుంటున్నది. మూర్ఛ మొదలై అప్పటికే అరగంట దాటింది. సిరలోకి మందులెక్కించి ఆపగలిగాము. ప్రాణం దక్కింది. కాని అతడు కష్టపడి నేర్చుకున్న ఆ కాసిని మాటల్లో చాలావరకు పోయాయి. వాటిలో కొన్ని తిరిగి రావడానికి ఏడాది పట్టింది, కొన్ని రానేలేదు. ఆ తల్లి నన్ను ఒక్క మాట అనలేదు. “నేను ముందే చెప్పాను కదండీ” అని కూడా అనలేదు.

ఆమె నాకు చెప్పినది మూర్ఛవ్యాధిలో ఒక రకానికి చక్కని వర్ణన. వైద్యవిద్యార్థి పరీక్షలో అలా వ్రాస్తే మంచి మార్కులు వేసేవాడిని. తన బాధ తాను చెప్పుకోలేని బిడ్డకు తల్లిదండ్రులే సాక్షులు. ఆ సాక్ష్యం వినడానికి తగిన చోటూ సమయమూ వైద్యశాల ఏర్పరచకపోతే, అక్కడ ఎన్ని యంత్రాలున్నా రోగనిర్ధారణ తప్పుతుంది. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఇదే.

రెండూ ఒకే బిడ్డలో ఎందుకు?

అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ ఆస్పత్రిలో పనిచేసిన లియో కానర్ అనే వైద్యుడు 1943లో 11 మంది పిల్లలను పరిశీలించి ఆటిజాన్ని వర్ణించాడు. ఆ తరువాత కొన్ని దశాబ్దాలపాటు తల్లి ప్రేమ చాలకనే బిడ్డ ఇలా అవుతాడనే క్రూరమైన అపోహ వైద్యులలో కూడా ఉండేది. అది తప్పని తేలిపోయింది. ఆటిజం మెదడు ఎదుగుదలలోని తేడావల్ల కలుగుతుంది. అందులో జన్యువుల పాత్ర ఎక్కువ. మూర్ఛ అనేది మెదడులోని నాడీకణాలు అదుపు తప్పి ఒక్కసారిగా విద్యుత్సంకేతాలు వెలువరించడంవల్ల వస్తుంది. రెండింటికీ మూలం మెదడే కనుక రెండూ ఒకే బిడ్డలో కలిసి ఉండటంలో ఆశ్చర్యం లేదు.

సాధారణ జనంలో మూర్ఛవ్యాధి ఉన్నవారు నూటికి ఒకరు, లేదా అంతకంటే తక్కువ. ఆటిజం ఉన్నవారిలో అది అనేక రెట్లు ఎక్కువ. మేధోవికాసంలో కూడా లోపం ఉన్న పిల్లల్లో ఇంకా ఎక్కువ. ఈ మూర్ఛలు తరచు రెండు వయస్సుల్లో మొదలవుతాయి. ఒకటి పసితనం, రెండవది యౌవనారంభం. అందుచేత పన్నెండు పదమూడేళ్ళదాకా ఏ ఇబ్బందీ లేని పిల్లవాడిలో కొత్త మార్పులు కనిపిస్తే, “వయస్సు వచ్చింది, మొండితనం పెరిగింది” అని సరిపెట్టుకోకూడదు.

బిడ్డకు ఒక రోగం పేరు పెట్టిన తరువాత ఏ లక్షణం కనిపించినా దాని ఖాతాలోనే వ్రాసేయడం వైద్యులలో ఉన్న పాత జాడ్యం. నేను చేసిన తప్పు అదే. తల గోడకు కొట్టుకుంటుంటే ఆటిజం అంటాము. చెవిలో చీము చూడము. అన్నం తినకపోతే ఆటిజం అంటాము. పుచ్చిన పన్ను చూడము. రాత్రి నిద్రపోకపోతే ఆటిజం అంటాము. మలబద్ధకాన్ని గూర్చి అడగము. చూపు నిలిచిపోతే ఆటిజం అంటాము. మూర్ఛ అయి ఉండవచ్చునని తలచము.

కదలికల్లో తేడా ఎలా గుర్తించాలి?

ఆటిజం ఉన్న పిల్లలు చేతులు ఆడిస్తారు, ఊగుతారు, గుండ్రంగా తిరుగుతారు, ఒక వస్తువునే చూస్తూ ఉంటారు. సంతోషంలోనో, ఆందోళనలోనో ఇవి ఎక్కువవుతాయి. భుజంమీద చేయి వేస్తేనో, ఇష్టమైన తినుబండారం చూపిస్తేనో చాలావరకు ఆగుతాయి. మూర్ఛ అలా ఆగదు. అది ఏ కారణమూ లేకుండా హఠాత్తుగా మొదలవుతుంది. ప్రతిసారీ ఇంచుమించు ఒకే తీరుగా నడుస్తుంది. కళ్ళో తలో ఒక ప్రక్కకు తిరగవచ్చు, నోరు చప్పరించవచ్చు, ఒక చేయి బిగుసుకుపోవచ్చు. ముగిసిన తరువాత బిడ్డ తికమకపడటమో, నిద్రపోవటమో కద్దు. ఏడాది లోపు పసిబిడ్డ, ముఖ్యంగా నిద్ర లేవగానే, వరుసగా ముందుకు ముడుచుకుపోతూ ఉంటే కడుపునొప్పి అనుకొని వామునీళ్ళు పట్టి ఊరుకోకండి. అది ఆ వయస్సులో వచ్చే తీవ్రమైన మూర్ఛ కావచ్చు. అదే రోజు వైద్యునికి చూపించాలి.

ఈ తేడా ఎంత అనుభవమున్నవారికైనా ఒక్కొక్కప్పుడు అంతుపట్టదు. అందుకు మీ చేతిలో ఉన్న మంచి సాధనం సెల్‌ఫోను. బిడ్డ క్షేమంగా ఉన్నాడని చూసుకొని, ముఖమూ కాళ్ళూ చేతులూ కనిపించేటట్లు వీడియో తీయండి. పేరు పెట్టి పిలవండి, ఆ పిలుపు కూడా అందులో వినబడాలి. మూర్ఛ వచ్చిన సమయానికి వైద్యుడు ఎన్నడూ అక్కడ ఉండడు, మీరే ఉంటారు. ఆనాడు ఆ తల్లి చేతిలో అటువంటి వీడియో ఉంటే నేను ఆ మాట అనగలిగేవాడిని కాదు.

మనమే మూర్ఛను పిలుస్తున్నామా?

నిద్ర చాలకపోవడం, మందు ఒక పూట తప్పిపోవడం, జ్వరం, విపరీతమైన అలసట మూర్ఛను రేపే కారణాలని మేము రోగులకు చెబుతూ ఉంటాము. మరి మా దగ్గరకు రావడానికి ఆ బిడ్డను ఏం చేస్తున్నాము? మూడు గంటలకు నిద్ర లేపిస్తున్నాము. ప్రయాణపు హడావిడిలో ఉదయపు మందు తప్పిపోతుంది. ఎండలో వరుసలో నిలబెడుతున్నాము. ఏ శబ్దాలు, వెలుగులు, వాసనలు అతడు భరించలేడో వాటి మధ్యనే గంటల తరబడి కూర్చోబెడుతున్నాము. చివరకు అతడు అరిస్తే “పిల్లవాడిని అదుపులో పెట్టుకోవమ్మా” అంటున్నాము.

మనకు వెనుక ఎక్కడో వినబడే ఫ్యాన్ చప్పుడు ఆటిజం ఉన్న బిడ్డకు చెవిలో మోగే డోలు కావచ్చు. అలవాటు లేని చేయి చర్మానికి తగలడం కొందరికి నిజంగానే బాధాకరం. ఆ ఏడుపు మొండితనం అనుకోవడం మన అజ్ఞానం.

దీనికి మార్గమేమిటని అడిగితే, ఖర్చులేని మార్గాలే చాలా ఉన్నాయి. ఇటువంటి బిడ్డలకు రోజులో మొదటి సమయాన్నో చివరి సమయాన్నో కేటాయించవచ్చు. వరుసలో కూర్చోనక్కరలేకుండా బయట చెట్టుక్రిందనో, వాహనంలోనో ఉండనిచ్చి, వంతు రాగానే ఫోనులో పిలవవచ్చు. హాలులో టీవీ కట్టేయవచ్చు. గదిలోకి వచ్చిన వెంటనే బిడ్డను ముట్టుకోకుండా, ముందు తల్లిదండ్రులతో మాట్లాడుతూ అతడిని గది చూసుకోనివ్వవచ్చు. తల్లి ఒడిలోనే పరీక్షించవచ్చు. అవసరం లేని పరీక్షను మరొక రోజుకు వాయిదా వేయవచ్చు.

ఇందులో దయాదాక్షిణ్యాల ప్రసక్తి లేదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఒకటి. ఆ చట్టంలోని 25వ సెక్షను ప్రకారం ప్రభుత్వ, ప్రైవేటు వైద్యశాలల్లోని అన్ని భాగాలలోనూ అవరోధాలు లేని ప్రవేశం కల్పించాలి. వైద్యసహాయంలో, చికిత్సలో ప్రాధాన్యం ఇవ్వాలి. మెట్ల ప్రక్కన ఒక ర్యాంపు కట్టి బాధ్యత తీరిందనుకుంటున్నాము. మూడు గంటల నిరీక్షణ కూడా అవరోధమేనని మనకు తట్టదు. సదరం ధ్రువపత్రమో, యూడీఐడీ కార్డో ఉన్న తల్లిదండ్రులు దానిని ఓపీ కౌంటరులోనే చూపించి మర్యాదగా ప్రాధాన్యం అడగండి. అడగటం మీ హక్కు.

“ఎనభైమంది రోగులున్న ఓపీలో ఒక్కరికి ఇంత సమయం ఎక్కడిది?” అని నా తోటి వైద్యులు అడుగుతారు. ఆ ఓపీలో ముప్ఫై ఏళ్ళు కూర్చున్నవాడిని కనుక ఆ ప్రశ్నలోని న్యాయం నాకు తెలుసు. వరుసలో ఉన్న తక్కినవారు కూడా బాధతోనే వచ్చినవారు. కాని నేను ఆనాడు నాలుగు నిమిషాల్లో పంపేసిన బిడ్డకోసం ఎనిమిది నెలల తరువాత ఒక రాత్రంతా ముగ్గురు డాక్టర్లు, ఇద్దరు నర్సులు కష్టపడ్డారు. ఇంకొక పది నిమిషాలు విని ఉంటే ఆ రాత్రి వచ్చేది కాదేమో. బిడ్డకు జరిగిన నష్టం లెక్క వేరే.

మీరు సిద్ధం చేసుకోగలిగినవి

వైద్యశాలలు మారేవరకు మీరు ఆగలేరు. నా అనుభవంలో పనికివచ్చిన కొన్ని విషయాలు చెబుతాను.

ఒక కాగితంమీద అన్నీ వ్రాసి ఉంచుకోండి. బిడ్డ వయస్సు, బరువు, వాడుతున్న మందులు, ఒక్కొక్కటి ఎంత, ఏ వేళ, పడని మందులు, గడచిన నెలలో వచ్చిన మూర్ఛల తేదీలు, ఒక్కొక్కటి ఎంతసేపు ఉన్నది వ్రాయండి. దాని క్రింద మరొక నాలుగు పంక్తులు చేర్చండి. బిడ్డకు ఏది భయం, ఏది ఇష్టం, నొప్పి కలిగితే ఎలా తెలియజేస్తాడు, ఎలా ఊరుకుంటాడు. సిరప్పు వాడుతున్నట్లయితే సీసా కూడా తెండి. ఒకే మందు వేర్వేరు గాఢతల్లో దొరుకుతుంది. “అయిదు ఎంఎల్” అన్నంత మాత్రాన మోతాదు తెలియదు.

అడగవలసిన ప్రశ్నలు మూడింటికి మించకుండా ముందే వ్రాసుకోండి. వీలైతే ఇద్దరు వెళ్ళండి. ఒకరు బిడ్డను చూసుకుంటే ఒకరు వైద్యుని మాట వినగలుగుతారు. ఈ బాధ్యత సాధారణంగా తల్లిమీదనే పడుతున్నది. తండ్రులు ఆటో మాట్లాడి డబ్బు కట్టడంతో ఆగకుండా గదిలోపలికి కూడా రావాలి.

వెళ్ళబోయే చోటును బిడ్డకు ముందుగా పరిచయం చేయండి. ఆస్పత్రి గేటు, హాలు, కుర్చీ, డాక్టరుగారి బల్ల ఫోటోలు తీసి, వరుసగా చూపుతూ “ముందు ఇక్కడికి, తరువాత ఇక్కడికి, ఆ తరువాత ఇంటికి” అని కొన్ని రోజులు చెప్పండి. బొమ్మ స్టెతస్కోపుతో ఇంట్లో ఆడించండి. అబద్ధం మాత్రం చెప్పకండి. “జాతరకు వెళ్తున్నాం” అని చెప్పి సూదిమందు వేయిస్తే ఆ బిడ్డ మళ్ళీ మిమ్మల్ని నమ్మడు.

ఈఈజీ పరీక్షలో తలమీద సుమారు ఇరవై చోట్ల చిన్న బిళ్ళలు జిగురుతో అంటిస్తారు. నొప్పి ఉండదు. కాని తల ముట్టనివ్వని బిడ్డకు అది పెద్ద గండం. వారం రోజుల ముందు నుంచి తల నిమరడం, దువ్వడం, మెత్తని టోపీ పెట్టి పది అంకెలు లెక్కపెట్టి తీసేయడం సాధన చేయించండి. పరీక్షనాడు తలస్నానం చేయించి నూనె రాయకుండా తీసుకువెళ్ళండి. ముందురోజు రాత్రి తక్కువ నిద్రపోనివ్వమని చెబితే ఎన్ని గంటలన్నది స్పష్టంగా అడగండి. మందు ఆపమని వైద్యుడు చెబితే తప్ప మీరు ఆపవద్దు. ఈఈజీ మామూలుగా ఉన్నంత మాత్రాన మూర్ఛవ్యాధి లేదని కాదు. ఆ అరగంటలో మెదడు ఎలా ఉన్నదో మాత్రమే అది చెబుతుంది.

మందు మొదలుపెట్టిన తరువాత బిడ్డ ప్రవర్తనను గమనించండి. ఉదాహరణకు లెవెటిరాసెటామ్ మంచి మందు, విరివిగా వాడతాము. కొందరు పిల్లల్లో అది చిరాకు, కోపం కలిగిస్తుంది. ఆటిజం ఉన్న బిడ్డలో దానిని కూడా ఆటిజం ఖాతాలో వేసే ప్రమాదం ఉంది. వాల్‌ప్రోయేట్ వాడే పిల్లల్లో బరువు పెరగవచ్చు, కాలేయంమీద దృష్టి ఉంచాలి. ఆడపిల్లలకు దానిని కొనసాగించే విషయం ఎదిగే వయస్సులో ప్రత్యేకంగా చర్చించాలి, ఎందుకంటే గర్భస్థశిశువుకు అది హాని చేస్తుంది. ఏ మందునైనా హఠాత్తుగా ఆపితే ప్రమాదకరమైన మూర్ఛలు రావచ్చు. ఆటిజాన్ని మూలం నుంచి నయం చేస్తామని ప్రకటనలు ఇచ్చేవారి మాట నమ్మి మూర్ఛ మందులు మాన్పించిన ఇళ్ళను నేను చూశాను. ఆటిజాన్ని తుడిచివేసే మందు లేదు. మాట, నడవడి, నైపుణ్యాలను మెరుగుపరచే శిక్షణలున్నాయి, మూర్ఛను అదుపు చేసే మందులున్నాయి. శిక్షణకు మార్గదర్శనం కోరేవారికి సికింద్రాబాదు మనోవికాస్‌నగర్‌లో 1984 నుంచి కేంద్రప్రభుత్వ సంస్థ ఉన్నది.

మూర్ఛ వచ్చినప్పుడు

బిడ్డను ఒక ప్రక్కకు తిప్పి పడుకోబెట్టండి. తలక్రింద మెత్తనిది ఉంచండి, మెడ దగ్గర బట్టలు వదులు చేయండి. గడియారం చూడండి. కాళ్ళూ చేతులూ అదిమి పట్టవద్దు. నోట్లో చెంచా, గుడ్డ, నీళ్ళు, ఏమీ పెట్టవద్దు. చేతిలో తాళంచెవులు పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపించడంవల్ల ఉపయోగం లేదు. చాలా మూర్ఛలు రెండు మూడు నిమిషాల్లో వాటంతట అవే ఆగుతాయి. అయిదు నిమిషాలు దాటినా, తెలివి రాకుండా వెంటవెంటనే వచ్చినా, ఊపిరి ఇబ్బంది అయినా 108కి ఫోను చేయండి. ఇంట్లో ఉంచుకోదగిన మిడజొలామ్ ముక్కు స్ప్రే అవసరమా, ఎంత మోతాదు అని మీ వైద్యుని ముందే అడిగి తెలుసుకోండి. ఆ అర్ధరాత్రి ఆటోలో ఆ స్ప్రే ఉంటే కథ మరొకలా ఉండేది. దాన్ని గూర్చి చెప్పవలసిన బాధ్యత నాది.

వరుసలో కూర్చున్న తక్కినవారికి

ఈసారి ఆస్పత్రి హాలులో ఒక పెద్ద పిల్లవాడు నేలమీద పడి అరుస్తూ ఉంటే, “పెంపకం సరిగా లేదు” అని గొణగకండి. ఆ తల్లి అప్పటికే ఎన్నో చూపులు మోసి వచ్చింది. మీ వంతు ఆమెకు ఇవ్వండి. అది చేయలేకపోతే, కనీసం తేరిపార చూడకుండా ఉండండి.

ఆ తల్లి తరువాత చాలా ఏళ్ళు మా ఆస్పత్రికి వచ్చింది. రెండువందల పేజీల నోటుపుస్తకంలో తేదీలవారీగా అన్నీ వ్రాసి తెచ్చేది. వారు వచ్చిన రోజున కాంపౌండరు ఫోను చేసేదాకా తల్లీకొడుకులు వేపచెట్టు క్రింద ఉండేవారు. గదిలోకి వచ్చాక బాలుడు నా టార్చిలైటు తీసుకొని వెలిగించి ఆర్పుతూ ఉండేవాడు, నేను నోటుపుస్తకం చదువుకునేవాడిని. మళ్ళీ ఎన్నడూ అతడు నన్ను కొరకలేదు. ఆస్పత్రిలో మేము మార్చినది ఇంతే. దీనికి అయిన ఖర్చు ఒక ఫోను కాల్.

(ఈ వ్యాసం అవగాహనకోసం మాత్రమే. మందుల విషయంలో మీ బిడ్డను చూస్తున్న వైద్యుని సలహానే పాటించండి.)